టీకా రోజునే అడగండి: ఆటిజం పిల్లల గురించి రెండు తెలుగు రాష్ట్రాల అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య, స్త్రీ శిశు సంక్షేమ, పాఠశాల విద్య, దివ్యాంగుల సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, అన్ని జిల్లాల కలెక్టర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేం ఆటిజం (మాట్లాడడంలో, నలుగురితో కలవడంలో, ప్రవర్తనలో వేరుగా ఉండే ఎదుగుదల తేడా) ఉన్న పిల్లలతో, పెద్దవాళ్లతో పనిచేసే స్పీచ్ థెరపిస్టులం, ఆక్యుపేషనల్ థెరపిస్టులం, స్పెషల్ టీచర్లం, ఆ పిల్లల తల్లిదండ్రులం. ఈ లేఖలోని విషయాలను అర్జీలుగా ఇదివరకే ఇచ్చాం. రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

మన రెండు రాష్ట్రాల్లో పుట్టిన పిల్లలు దాదాపు అందరూ టీకా కోసం ప్రభుత్వ సిబ్బంది ముందుకు వస్తారు. తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా మొదటి డోసుకు, 16-24 నెలల మధ్య రెండో డోసుకు, డీపీటీ బూస్టర్‌కు, 5-6 ఏళ్లప్పుడు రెండో బూస్టర్‌కు, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ ఇంజెక్షన్‌కు. ఆటిజం ఒక్కో వయసులో ఒక్కోలా బయటపడుతుంది, అలా బయటపడే వయసులు దాదాపు ఇవే. బుధవారమో శనివారమో ఏఎన్ఎం ముందు బిడ్డ ఉంటుంది, పక్కన తల్లి ఉంటుంది, తల్లి చేతిలో కార్డు ఉంటుంది. సూది వేస్తారు, కార్డు మీద రాస్తారు, పంపేస్తారు. పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, కావలసింది వేలు పెట్టి చూపిస్తున్నాడా అని అడగరు. మేం మొదటగా కోరుతున్నది ఆ అడగడమే. దానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు.

ఇది దయ కోసం అడుగుతున్నది కూడా కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం వచ్చే అవకాశమున్న పిల్లలను గుర్తించడానికి పిల్లలందరినీ ఏడాదికి కనీసం ఒకసారి పరీక్షించాలని ఆ చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆ లెక్కన 250 మంది పిల్లలున్న బడిలో ఇద్దరు ఉండాలి. ఆ ఇద్దరి పేర్లు ఏ రిజిస్టర్‌లో ఉన్నాయో చూడమని మా మనవి.

వయసుల వారీగా ఏం జరుగుతోందో, ఎక్కడ తప్పిపోతోందో చెబుతాం.

1. తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా.

ఈ వయసులో ఆటిజం అని ఖాయంగా చెప్పలేం, కానీ ఆగి చూడాల్సిన గుర్తులు ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరగదు, కానీ పక్క గదిలో చాక్లెట్ కాగితం చప్పుడైతే తిరుగుతుంది. దోబూచి ఆడితే నవ్వదు. ఏడాది నిండినా టాటా చెప్పదు, చప్పట్లు కొట్టదు. చందమామను చూపిస్తే వేలు చూపిన వైపు చూడకుండా వేలునే చూస్తుంది. ముద్దుముద్దు శబ్దాలు చేయదు, చేసినా ఎవరి ముఖమూ చూసి చేయదు. వీటిలో ఏదో ఒక్కటి ఉంటే కంగారు పడనక్కర్లేదు. రెండు మూడు కలిసి కనబడితే, ముందుగా చెవి పరీక్ష చేయించాలి, తర్వాత నెల నెలా గమనించాలి. తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల మెట్ల బొమ్మలు ఇప్పటికే ఉన్నాయి. టీకాల పేజీ నింపినట్టుగా ఆ పేజీ నింపేవాళ్లే లేరు.

2. 16 నుంచి 24 నెలలు: తప్పిపోకూడని రోజు.

ఈ వయసులో కనబడే గుర్తులు స్పష్టంగా ఉంటాయి. బిడ్డ కావలసినదాన్ని వేలుతో చూపించడు, అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ చేతిని పనిముట్టులా ఫ్రిజ్ మీద పెడతాడు. ఆకాశంలో విమానం కనబడితే "చూడు" అన్నట్టు మన ముఖం వైపు తిరగడు. బొమ్మకారును నడపడు, బోర్లా తిప్పి చక్రం తిప్పుతూ కూర్చుంటాడు. మునివేళ్ల మీద నడుస్తాడు. మిక్సీ, కుక్కర్ విజిల్ మోగితే చెవులు మూసుకుంటాడు. కొందరు పిల్లల్లో అప్పటిదాకా వచ్చిన "అత్త", "తాత", "బువ్వ" లాంటి మాటలు ఏడాదిన్నర ప్రాంతంలో పోతాయి. ఉన్న మాట పోయిందని తల్లి చెబితే ఏ వయసులోనైనా అదే రోజు నిపుణుల దగ్గరికి పంపాలి. వేచి చూడడానికి వీల్లేని గుర్తు ఇది.

ఇందుకు వాడదగ్గ ప్రశ్నావళి ఉంది. దాని పేరు ఎం-చాట్-ఆర్. 16-30 నెలల పిల్లల కోసం చేసినది. 20 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు, ఐదు పది నిమిషాల పని. అనుమానం కలిగించే జవాబుల మొత్తం 0-2 వస్తే ప్రస్తుతానికి భయం లేదు, రెండేళ్లు నిండకపోతే నిండాక మళ్లీ అడగాలి. 3-7 వస్తే, తప్పిన ప్రశ్నలను ఉదాహరణలతో మళ్లీ విడమరచి అడగాలి. 8 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ రెండో విడత అవసరం లేకుండా నేరుగా నిపుణుల దగ్గరికి పంపాలి.

ఇక్కడ జరిగే తప్పులు కూడా చెప్పాలి. మొదటిది లెక్క తప్పు. 2, 5, 12 ప్రశ్నలకు "అవును" అంటే అనుమానం, మిగతా 17 ప్రశ్నలకు "కాదు" అంటే అనుమానం. బిడ్డకు చెముడేమోనని మీకు ఎప్పుడైనా అనిపించిందా, కళ్ల దగ్గర వేళ్లను వింతగా ఆడిస్తాడా, మామూలు చప్పుళ్లకే బెదిరిపోతాడా అన్నవి ఆ మూడు. అన్ని "కాదు"లనూ కలిపేస్తే మొత్తం మారిపోతుంది. రెండోది, రెండో విడత ప్రశ్నలు వదిలేయడం. అప్పుడు అవసరం లేని పిల్లలు వందల్లో జిల్లా కేంద్రానికి చేరతారు, అక్కడ వరుస పెరుగుతుంది, నిజంగా కావలసిన బిడ్డకు నెలల తర్వాత తేదీ వస్తుంది. మూడోది, "వేలుతో చూపిస్తాడా" అని మాత్రమే అడగడం. వేలు చూపడం రెండు రకాలు: కావాలని చూపడం, "అదిగో చూడు" అని పంచుకోవడానికి చూపడం. ఆటిజంలో ముఖ్యంగా తగ్గేది రెండోది. ఏఎన్ఎంలకు, ఆశాలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఈ తేడా వీడియోలో చూపించి నేర్పాలి. కాగితం మీద అర్థం కాదు.

ప్రశ్నలు ముందు అడగాలి, సూది తర్వాత వేయాలి. దీనికి కారణం ఉంది. ఎంఎంఆర్ (మీజిల్స్, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. ఆ తర్వాత లక్షల మంది పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో ఏ సంబంధమూ తేలలేదు. అయినా టీకా వేసే వయసు, మాట పోయే వయసు ఒకటే కావడంతో తల్లిదండ్రుల మనసులో అనుమానం మిగిలిపోతోంది. సూదికి ముందే గుర్తులు కాగితం మీద ఉంటే ఆ అనుమానానికి చోటుండదు. వరుసలో కూర్చున్నప్పుడు ప్రశ్నలు అడగవచ్చు, టీకా తర్వాత అరగంట కూర్చోబెట్టే సమయంలో ఫలితం వివరించవచ్చు. జవాబులు చెప్పేది తల్లి కాబట్టి బిడ్డ ఏడుస్తున్నా ఇబ్బంది లేదు.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాల పిల్లలకు 18, 24 నెలల చెకప్‌లో ఆటిజం కోసం చూడాలని అక్కడి పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. అక్కను అక్కడ తన బిడ్డ గురించి అడుగుతున్నారు, ఇక్కడ ఊళ్లో ఉన్న చెల్లెలిని ఎవరూ అడగడం లేదు.

3. "వస పోయలేదా?" అన్న దగ్గర పోయే ఏడాది.

మాట రాని బిడ్డను చూసి ఊళ్లో చెప్పేవి తెలిసినవే. వసకొమ్ము అరగదీసి నాకించమంటారు. వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయంటారు. మగపిల్లలకు ఆలస్యమేనంటారు. ఇవి ప్రేమతో అనే మాటలే, పెద్దలను తప్పు పట్టడం లేదు. మా బాధంతా, ఇదే మాట తెల్లకోటు వేసుకున్నవాళ్లు కూడా అనడం గురించి. "ఐదేళ్లు చూద్దాం" అన్న ఒక్క మాటతో, మెదడు అత్యంత వేగంగా నేర్చుకునే సంవత్సరాలు పోతాయి.

ఈమధ్య ఇంకో మాట వచ్చింది, "వర్చువల్ ఆటిజం". ఫోన్ ఆపేస్తే తగ్గిపోతుందని చెప్పి పంపేస్తున్నారు. ఏ వైద్య వర్గీకరణలోనూ అలాంటి నిర్ధారణ లేదు. చిన్నపిల్లలకు ఫోన్ తగ్గించడం మంచిదే, మేమూ అదే చెబుతాం. కానీ ఫోన్ ఆపి ఆరు నెలలు చూడమనడం తప్పు. ఫోన్ ఆపడం, పరీక్ష చేయించడం, ఇంట్లో నేర్పడం ఒకే వారంలో మొదలవ్వాలి. ఈ మాట వల్ల తల్లి మీద పడే నింద కూడా చిన్నది కాదు. పనికెళ్లే తల్లి ఫోన్ ఇచ్చింది కాబట్టే బిడ్డ ఇలా అయ్యాడని అత్తింట్లో తీర్పులు చెబుతున్నారు.

మాట రాని ప్రతి బిడ్డకూ మొదటి పరీక్ష చెవిదే. చెవి లోపలి స్పందన చూసే ఓఏఈ పరీక్ష కొన్ని నిమిషాల్లో అవుతుంది, కానీ జలుబు చేసి చెవిలో నీరు చేరినా, గులిమి ఉన్నా "ఫెయిల్" అని వస్తుంది. అలా వస్తే తగ్గాక మళ్లీ చేయాలి. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసే బెరా పరీక్షకు బిడ్డ నిద్రపోవాలి. ఎనభై మంది ఉన్న శిబిరంలో నిద్రపోడు. అపాయింట్‌మెంట్ ఇచ్చి, ఆ ఉదయం నిద్రపుచ్చకుండా తీసుకురమ్మని ముందే చెబితే సగం ప్రయాణాలు తప్పుతాయి. బస్సులో వంద కిలోమీటర్లు వచ్చి "నిద్రపోలేదు, మళ్లీ రండి" అనిపించుకుని తిరిగి వెళ్లే కుటుంబం రెండోసారి రాదు.

4. మూడు నుంచి ఐదేళ్లు: అంగన్‌వాడీ గడప దగ్గర.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్కే) కింద వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. ఎదుగుదల లోపాలు, ఆటిజం ఆ జాబితాలో ఉన్నాయి. లోపం ఎక్కడంటే, బృందం వచ్చే వేళకు తల్లి పొలంలోనో పనిలోనో ఉంటుంది. పళ్లు, కళ్లు, బరువు చూడడానికి తల్లి అక్కర్లేదు. ఆటిజానికి స్టెతస్కోపు లేదు, దాన్ని పట్టించేది తల్లిదండ్రుల జవాబే. వాళ్లు లేకుండా చేసిన పరీక్షలో ఒక మూల బుద్ధిగా కూర్చున్న బిడ్డ "నార్మల్"గా నమోదవుతాడు.

ఈ వయసులో మాటలుండీ ఆటిజం ఉన్న పిల్లలు ఎక్కువగా తప్పిపోతారు. తెలుగులో దీన్ని వెంటనే పట్టించే గుర్తు ఒకటుంది. బిడ్డకు దాహమైతే "నీళ్లు కావాలి" అనడు, "నీళ్లు కావాలా?" అంటాడు. "తింటాను" అనాల్సిన చోట "తింటావా?" అంటాడు. మనం అడిగిన మాటను అడిగినట్టే తిరిగి చెప్పడం ఇది. ఇంట్లో ముద్దుగా నవ్వుకుంటారు, ఎవరూ రాసుకోరు. ఇంకో రకం పిల్లలు యూట్యూబ్‌లో విన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, రంగులు గడగడా చెబుతారు, "అమ్మా, ఆకలి" అని మాత్రం అనలేరు. తెలివైనవాడని ఇంటికొచ్చినవాళ్లందరి ముందూ చెప్పిస్తారు. మాటలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఆ మాటలతో ఎవరినైనా ఏదైనా అడుగుతున్నాడా అన్నది చూడాలని టీచర్లకు నేర్పాలి.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోనే మాట్లాడమని కొన్ని థెరపీ కేంద్రాలు చెబుతున్నాయి. దానికి ఆధారం లేదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడదని అధ్యయనాలు చూపిస్తున్నాయి. అమ్మకు రాని భాషలో అమ్మ నేర్పలేదు. ఈ సలహా వల్ల నాయనమ్మ, అమ్మమ్మ ఆ బిడ్డతో మాట్లాడడమే మానేస్తున్నారు.

5. బడిలో.

ఆరేళ్లు దాటాక ఆటిజానికి బడిలో వేరే పేర్లు వస్తాయి: మొండి, పొగరు, పరధ్యానం. "నా తల తినకు" అని టీచర్ అంటే "నేను తినలేదు టీచర్" అని నిజంగానే జవాబు చెప్పే పిల్లవాడికి దెబ్బలు పడతాయి. కూర్చునే చోటు మార్చితే, పీరియడ్ తారుమారైతే ఏడుస్తాడు. మధ్యాహ్న భోజనం వరుసలో పళ్లేల చప్పుడు భరించలేక పారిపోతాడు. నోటిలెక్కల్లో మొదటివాడు, ఆటలో ఒంటరి. ఇలాంటి బిడ్డకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. రోజు ఎలా గడుస్తుందో చూపే బొమ్మల కార్డులు గోడకు అంటించాలి, మార్పు ఉంటే ముందే చెప్పాలి, ఒక్కసారికి ఒక్క పనే చెప్పాలి, భోజనానికి పది నిమిషాలు ముందు పంపాలి, వరండా చివర ఒక నిశ్శబ్దమైన చోటు ఇవ్వాలి.

మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ఆ పిల్లలకు నేర్పే ఐఈఆర్‌పీలున్నారు. వాళ్లను ఇతర పనులకు పంపడం ఆపితే వాళ్లే ఈ పని చేయగలరు. వైకల్యమున్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఉన్నత ప్రాథమిక స్థాయి నుంచి 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో రజనీష్ కుమార్ పాండే కేసులో చెప్పింది. 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యమున్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్‌లో గానీ ఉచిత విద్య చట్టంలో ఉన్న హక్కు. "మా దగ్గర సౌకర్యం లేదు" అని అడ్మిషన్ నిరాకరిస్తున్న ప్రైవేటు బడి ఆ మాట కాగితం మీద రాసివ్వదు. రాసివ్వదు కాబట్టి ఫిర్యాదు నిలబడదు. నిరాకరణను రాతపూర్వకంగా ఇవ్వాలని ఒక్క సర్క్యులర్ చాలు.

6. పదేళ్ల నుంచి పదహారు: ముఖ్యంగా ఆడపిల్లలు.

ఆడపిల్లల్లో ఆటిజం ఆలస్యంగా బయటపడుతుంది. తోటి పిల్లలను చూసి అనుకరిస్తారు, నవ్వాల్సిన చోట నవ్వడం నేర్చుకుంటారు, ఇంటికొచ్చి తలుపు వేసుకుని కుప్పకూలిపోతారు. "సిగ్గరి", "బుద్ధిమంతురాలు" అన్న మాటల కింద ఏళ్లు గడుస్తాయి. పన్నెండు పదమూడేళ్లకు ఆందోళన, తిండి మానేయడం, బడికి వెళ్లననడం మొదలైనప్పుడు వాటికి మందులు రాస్తారు, వెనకున్న ఆటిజాన్ని చూడరు. రుతుక్రమం గురించి, ఎవరు ఎక్కడ తాకకూడదన్నదాని గురించి బొమ్మలతో, ముందుగానే, పదే పదే చెప్పాలి. పాఠం ఒకసారి చెబితే సరిపోదు. కొందరికి ఈ వయసులో మూర్ఛ కూడా మొదలవుతుంది. ఉన్నట్టుండి ప్రవర్తన మారితే మొండితనం అనుకునే ముందు పంటినొప్పి, మలబద్ధకం, ఫిట్స్ ఉన్నాయేమో చూడాలి. నోటితో చెప్పలేని బిడ్డ నొప్పిని తల బాదుకుని చెబుతాడు.

పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలున్నాయి. పదో తరగతి మొదలయ్యాక సర్టిఫికెట్ కోసం తిరిగితే హాల్‌టికెట్ వచ్చే వేళకు అది అందదు. ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టాలని హెడ్మాస్టర్లకు తెలియాలి.

7. సర్టిఫికెట్: ఒక్క మార్కు.

వైకల్య సర్టిఫికెట్ కోసం పెట్టే సదరం శిబిరంలో ఆటిజం బిడ్డకు జరిగేది కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే పింఛను, పరీక్షల రాయితీ, నిరామయ ఆరోగ్య బీమా అన్నీ ఈ ఒక్క కాగితం మీదే ఆధారపడి ఉన్నాయి.

మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలిచేది ఐఎస్ఏఏ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యమున్నవారి జాతీయ సంస్థలోనే, అంటే మన ఇంటి ముందే, తయారైన కొలమానం ఇది. ఆ సంస్థ పేరు ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. ఇందులో ఆరు విభాగాలు, 40 అంశాలు ఉంటాయి. ఒక్కో అంశానికి, అది ఎంత తరచుగా కనబడుతుందన్నదాన్ని బట్టి, 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. మొత్తం 40 నుంచి 200 వరకు వస్తుంది. 70 లోపు వస్తే ఆటిజం లేదని, 70-106 స్వల్పమని, 107-153 మధ్యస్థమని, ఆ పైన తీవ్రమని లెక్క. 70 వస్తే 40 శాతం వైకల్యం, 69 వస్తే ఏమీ లేదు.

అంటే 40 అంశాల్లో ఒక్కదానికి 2 బదులు 1 వేసినా ఒక కుటుంబానికి అన్నీ పోతాయి. కొలవడానికి తల్లిదండ్రులతో మాట్లాడాలి, బిడ్డను ఆడించి చూడాలి. శిబిరంలో ఒక్కో బిడ్డకు దొరికేది కొన్ని నిమిషాలు. ఉదయం నుంచి వరుసలో నిలబడి అలసి తల్లి భుజం మీద నిద్రపోయిన బిడ్డను "ప్రశాంతంగా ఉన్నాడు" అని రాస్తారు. ఆ జనానికి, చప్పుడుకు బెదిరి అరిచిన బిడ్డకు మార్కులు ఎక్కువ పడతాయి. రెండూ నిజం కావు. మాటలొచ్చి మార్కులు తెచ్చుకునే బిడ్డను "ఇతనికేముంది?" అని పంపేస్తారు. ఇంకొందరికి ఆటిజం బదులు బుద్ధిమాంద్యం అని రాసిస్తారు. బడిలో ఆ బిడ్డ మీద పెట్టుకునే ఆశ ఆ రోజుతో పడిపోతుంది.

పైగా పిల్లలకు ఇచ్చేవి తాత్కాలిక సర్టిఫికెట్లు. గడువు ముగిసి మళ్లీ స్లాట్ దొరికేలోగా పింఛను ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 జూలై నుంచి 4,016 రూపాయలు దివ్యాంగుల పింఛను. కూలికి వెళ్లే ఇంట్లో బిడ్డను చూసుకోవడానికి తల్లి పని మానేస్తే ఆ నెల నడిచేది దానితోనే.

8. పద్దెనిమిది దాటాక.

ఆర్‌బీఎస్కే 18 ఏళ్లతో ఆగిపోతుంది, బడి ఆగిపోతుంది. కొడుకు ఇంట్లో కూర్చుంటాడు, తల్లిదండ్రులకు వయసు మీద పడుతుంది. 18 నిండిన బిడ్డ తరఫున బ్యాంకులో సంతకం పెట్టే హక్కు తల్లిదండ్రులకు ఉండదని చాలామందికి ఆ కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమించాలి. ఆ కమిటీ కూర్చోకపోతే ఆస్తి, పింఛను, డిపాజిట్ అన్నీ అక్కడే ఆగుతాయి. కలెక్టర్లకు ఈ లేఖ పంపడానికి ముఖ్య కారణం ఇదే.

చిన్నప్పుడు ఎవరూ గుర్తించని పెద్దవాళ్లూ ఉన్నారు. చదువు పూర్తిచేసి ఉద్యోగంలో నిలవలేకపోయినవాళ్లు, "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అని పెళ్లి చేయగా రెండు జీవితాలు చిక్కుపడినవాళ్లు. పెద్దయ్యాక ఆటిజం నిర్ధారణ చేసే చోటు జిల్లా ఆసుపత్రుల్లో ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

9. ఆశను అమ్ముకునేవాళ్లు.

ఆటిజానికే మందు లేదు. నిద్ర, తీవ్రమైన చిరాకు, ఫిట్స్ లాంటి వాటికి మందులున్నాయి. ఈ ఖాళీలోకి స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లు, లోహాలు తీసే చెలేషన్, ఆక్సిజన్ గదులు వచ్చి చేరాయి. స్టెమ్‌సెల్ చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయడం లేదని, దాన్ని చేయడం, ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022 డిసెంబరులో తేల్చింది. అయినా ఎకరం అమ్మి చేయించుకుంటున్నారు. చెలేషన్ వల్ల పిల్లలు చనిపోయిన ఉదంతాలు విదేశాల్లో ఉన్నాయి. ఇక వీధికో థెరపీ కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే స్పెషల్ ఎడ్యుకేటర్‌కు, స్పీచ్ థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉందా అని అడగవచ్చని తల్లిదండ్రులకు తెలియదు. తలుపు వేసి లోపల ఏం చేస్తున్నారో చూపించని కేంద్రంలో బిడ్డను వదలకూడదని చెప్పేవాళ్లూ లేరు.

ఇక మేం కోరుతున్నవి:

10. 16-24 నెలల టీకా రోజున 20 ప్రశ్నలు తప్పనిసరి చేయాలి. ఫలితం తల్లీబిడ్డల కార్డులో రాయాలి. 5-6, 10, 16 ఏళ్ల టీకాలప్పుడు ఆయా వయసుకు తగిన అరపేజీ ప్రశ్నలు ఉండాలి. ముందు ప్రతి జిల్లాలో ఒక్క పీహెచ్‌సీలో మూడు నెలలు చేసి చూడండి. తెలుగు ప్రశ్నలను సరిచూడడానికి, సిబ్బందికి నేర్పడానికి మేం డబ్బు తీసుకోకుండా వస్తాం.

11. ప్రశ్నల్లో తేలిన బిడ్డకు 30 రోజుల్లో జిల్లా సత్వర చికిత్సా కేంద్రం, అంటే డీఈఐసీ, తేదీ ఇవ్వాలి. ప్రతి డీఈఐసీలో మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, ఎదురుచూస్తున్న పిల్లలు ఎంతమంది అన్నది నెల నెలా గోడ మీద రాయాలి. స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు లేని కేంద్రంలో ఆటిజం బిడ్డకు జరిగేది నమోదు మాత్రమే.

12. నిర్ధారణ కోసం ఆగకుండా తల్లిదండ్రులకు శిక్షణ మొదలుపెట్టాలి. వారానికి ఒక్క 45 నిమిషాల థెరపీతో బిడ్డ మారడు, మెలకువగా ఉండే మిగతా గంటలన్నీ ఇంట్లోనే గడుస్తాయి. స్నానం, అన్నం, బట్టలు వేయడం లాంటి రోజువారీ పనుల్లోనే ఎలా నేర్పాలో చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ శిక్షణ ఒకటుంది: తొమ్మిది బృంద తరగతులు, మూడుసార్లు ఇంటికి రావడం. దాన్ని తెలుగులో ప్రతి భవిత కేంద్రంలో జరపాలి. మాట రాని బిడ్డకు బొమ్మల కార్డులు నేర్పితే మాట రాదన్న భయం వద్దని అందులో మొదటి రోజే చెప్పాలి. కార్డులు మాటకు అడ్డం రావు.

13. బడులకు, అంగన్‌వాడీలకు వైద్య బృందం వచ్చే తేదీని వారం ముందు తల్లిదండ్రులకు చెప్పాలి, ఎదుగుదల పరీక్ష వాళ్ల సమక్షంలో చేయాలి.

14. ఆటిజం సర్టిఫికెట్ల కోసం నెలకు ఒక రోజు విడిగా పెట్టాలి. బిడ్డకు కనీసం 45 నిమిషాలు ఇవ్వాలి. ఇంట్లో తీసిన ఫోన్ వీడియోలు, టీచర్ రాసిన నివేదిక చూడాలి. 40 అంశాల మార్కుల పత్రం నకలు అదే రోజు తల్లిదండ్రులకు ఇవ్వాలి. అది చేతిలో ఉంటేనే అప్పీలుకు అర్థం ఉంటుంది. గడువు ముగిసిన సర్టిఫికెట్‌కు కొత్త స్లాట్ ఇచ్చే దాకా పింఛను ఆపకూడదు.

15. గార్డియన్ కమిటీ రెండు నెలలకు ఒకసారైనా ప్రతి జిల్లాలో కూర్చోవాలి. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లను చూసుకునేవారికి సంరక్షక భృతి ఇవ్వాలని హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. దాన్ని రాష్ట్ర బడ్జెట్‌లో పెట్టాలి.

16. బిడ్డకు ఆటిజం అని చెప్పిన రోజే తల్లిదండ్రుల చేతిలో ఒక తెలుగు కాగితం పెట్టాలి. ఆ జిల్లా డీఈఐసీ ఫోన్ నంబరు, భవిత కేంద్రం ఎక్కడుందో, చెవి పరీక్ష ఎక్కడ చేస్తారో, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి ఏయే కాగితాలు కావాలో, లక్ష రూపాయల దాకా ఇచ్చే నిరామయ బీమాకు ఎలా నమోదు చేసుకోవాలో, థెరపీ బిల్లులు ఎందుకు దాచుకోవాలో, మనసు కుంగిన తల్లిదండ్రులు తెలుగులో మాట్లాడడానికి టెలీ మానస్ నంబరు 14416, బిడ్డ తప్పిపోతే 112, ఇవి అందులో ఉండాలి. ఇల్లు వదిలి వెళ్లిపోయే అలవాటున్న బిడ్డకు నీళ్లంటే ఇష్టం ఎక్కువగా ఉంటుందని, కాబట్టి ముందుగా చెరువు, బావి, కాలువ వైపు వెతకాలని కూడా అందులో ఉండాలి. పోలీసులకూ ఇదే చెప్పాలి. ఒక్క పేజీకి సరిపోతుంది. ముసాయిదా మా దగ్గర సిద్ధంగా ఉంది.

ఈ ఏడింటిలో 10, 14, 16 అంశాలకు చట్టం మార్చనక్కర్లేదు, అదనపు నిధులు దాదాపు అక్కర్లేదు. వాటి మీద నిర్ణయం 30 రోజుల్లో, మిగతా వాటి మీద తేదీలతో కూడిన ప్రణాళిక 90 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాం. ఏ అంశం కుదరదో దానికి కారణం రాయండి, మేం చదివి జవాబిస్తాం. ఆ జవాబు కాపీని ప్రతి డీఈఐసీ, ప్రతి భవిత కేంద్రం నోటీసు బోర్డులో తెలుగులో పెట్టించండి.

ఇట్లు,
ఆటిజం ఉన్న పిల్లలతో, పెద్దలతో పనిచేసే థెరపిస్టులు, స్పెషల్ టీచర్లు, ఆ పిల్లల, పెద్దల తల్లిదండ్రులు
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ